వాడి ఏడాదికి విజయవాడ వెళ్తున్నాను, మీ సలహా కావాలి

ఏలూరురోడ్డు (డిసెంబరు 8, రాత్రి 10.20)

అందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను, రాసింది తక్కువ. ఈసారి ఒక విషయంలో పెద్దల మాట కావాలి.

నా స్నేహితుడు పోయి జనవరి మొదటి వారానికి ఏడాది. గుండెపోటు. యాభై రెండేళ్ళు. పేరు రాయను, నలుగురి నోళ్ళలో నానడం వాడికి గిట్టేది కాదు. విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దాడు. పుస్తకం తెరిస్తే రచయిత పేరుంటుంది, ప్రచురణకర్త పేరుంటుంది, బొమ్మ గీసినవారి పేరూ ఉంటుంది. ప్రూఫులు దిద్దినవాడి పేరు ఉండదు. విజయవాడలో అచ్చయిన పుస్తకాలు మీ ఇంట్లో పది ఉంటే, వాటిలో ఏదో ఒక దాని మీద వాడి ఎర్ర సిరా పడే ఉంటుందని నా నమ్మకం.

మేం నలుగురం. 1991 నుంచి 1994 దాకా మాచవరంలోని ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో బి.ఏ. చదివాం. ఒకప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారు పాఠాలు చెప్పిన కళాశాల అది. సాయంత్రం అయ్యేసరికి లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాల ముందు తేలేవాళ్ళం. కొనేది ఒకటి, నిలబడి చదివేది నాలుగు. రాత్రి భోజనాలయ్యాక ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం దాకా నడిచి వెనక్కి వచ్చేవాళ్ళం. డెబ్బై గేట్లు. అరవయ్యో గేటు దాటేదాకా మావాడు నోరు విప్పేవాడు కాదు. ఆ తరువాత అందరి వాదనలనూ ఒక్క మాటలో తేల్చేసేవాడు.

నేను ఉండేది విశాఖలో. వాడు పోయిన రోజు ఒడిశాలో పని మీద ఒక మారుమూల చోట ఉన్నాను. ఫోను పలకలేదు. కబురు తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి, దహనం అయిపోయింది. ఇప్పుడు వెళ్ళి చేసేదేముందిలే అనుకుని ఆగిపోయాను. పెద్దకర్మకూ వెళ్ళలేదు. కడసారి చూపు దక్కలేదన్న దానికన్నా, దక్కించుకోవడానికి కదలలేదన్నది ఎక్కువ కాలుస్తోంది.

ఇప్పుడు అడగవలసినవి. వాడి తల్లి సింగ్‌నగర్‌లో ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఏడాది తరువాత నేను గుమ్మంలో నిలబడితే మానుతున్న గాయాన్ని రేపినట్టు అవుతుందా? వాడు పెళ్ళి చేసుకోలేదు, కర్మ మేనల్లుడు చేశాడు. తిథి నాడు వెళ్ళాలా, తేదీ నాడు వెళ్ళాలా? స్నేహితుడికి ఏ హక్కు ఉంటుంది అసలు?

ఇంకొకటి. నాలుగోవాడు గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తాడు. తొమ్మిదేళ్ళ కిందట వాడు తీసుకున్న అప్పుకు మా ప్రూఫురీడరు హామీ సంతకం పెట్టాడు. వ్యాపారం దెబ్బతిని వాయిదాలు ఆగాయి, ఇతని జీతంలో కోత పడింది. కోత పడినవాడు కిమ్మనలేదు. నేను మాత్రం గుంటూరు ఫోను చేసి అనరాని మాటలు అన్నాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. చనిపోయాక కూడా వాడు నాకు ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. హైదరాబాదులో నర్సుగా పనిచేసే మా మిత్రురాలు వస్తానంది. గుంటూరువాణ్ణి ఎలా పిలవాలి?

పదోప్లాట్‌ఫాం (డిసెంబరు 8, రాత్రి 11.05)

అన్నయ్యా, నాకు తెలిసింది ప్రయాణాల సంగతి, అది చెబుతాను. విశాఖ నుంచి రత్నాచల్ రైలు ఎక్కండి, మధ్యాహ్నం బయలుదేరి చీకటి పడేవేళకు విజయవాడలో దింపుతుంది. హైదరాబాదు ఆవిడకు శాతవాహన ఉంది, సాయంత్రం సికింద్రాబాదులో ఎక్కితే రాత్రి పది ప్రాంతానికి వచ్చేస్తుంది. ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి జనవరి టికెట్లు దొరుకుతూ ఉంటాయి. సంక్రాంతి రద్దీ అందుకోకముందే తిరుగు టికెట్టు కూడా తీసి పెట్టుకోండి, ఆ వారం విజయవాడ స్టేషనులో కాలు పెట్టడం కష్టం.

తిథి సంగతి. చాంద్రమానం ఏడాదికి 354 రోజులు. మధ్యలో అధికమాసం రాకపోతే తిథి పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి మీ మిత్రుడి సంవత్సరీకం ఇంటివాళ్ళు డిసెంబరు ఆఖరి వారంలోనే చేస్తారు. మీరు జనవరి తేదీకి వెళ్తే కార్యక్రమాల హడావుడి అయిపోయి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ రోజుల్లో పుస్తక ప్రదర్శన కూడా ఉంటుంది కదా.

బందరుకాలువ (డిసెంబరు 9, ఉదయం 6.40)

ఏలూరురోడ్డు గారూ, గాయం రేగుతుందేమోనని అడిగారు. బిడ్డ పోయిన తల్లికి ఆ గాయం మానదు. మీరు వెళ్ళినందువల్ల కొత్తగా గుర్తుకొచ్చేదేమీ లేదు. వాడి పేరు ఎత్తితే ఆమె ఏడుస్తుందని చుట్టుపక్కల వాళ్ళంతా ఆ పేరు పలకడం మానేసి ఉంటారు. మీరు పలకండి.

మా వైపు పరామర్శకు మంగళ, శుక్రవారాలు వెళ్ళరు. వెళ్ళినవాళ్ళు "వెళ్ళొస్తాం" అనకుండా లేచి వచ్చేస్తారు. ఏడాది దాటితే ఆ పట్టింపులు ఉండవు. మీరు మాత్రం "మళ్ళీ వస్తానమ్మా" అని చెప్పే రండి. ఆమె అన్నం పెడితే కాదనకండి, బయట తిని వచ్చామని అసలే అనకండి.

ఇక ఒక మాట, గట్టిగా ఉంటుంది. మా అన్నయ్య పోయాక అతని స్నేహితులు ముగ్గురు వరసగా మూడేళ్ళు అన్నయ్య పుట్టినరోజుకు మా ఇంటికి వచ్చారు. మా అమ్మ ఆ రోజు తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపేది. నాలుగో ఏడు ఎవరూ రాలేదు. ఎవరి పనులు వారివి, వాళ్ళ తప్పని నేను అనను. కానీ ఆ రోజు సాయంత్రం నాలుగింటి దాకా అమ్మ విస్తళ్ళు తీయనివ్వలేదు. అది నేను చూశాను. అందుకని చెబుతున్నాను, మీ మనసులో బరువు దించుకోవడానికి ఒక్కసారి వెళ్ళి మానేసేటట్లయితే ఆలోచించుకుని వెళ్ళండి.

సీతానగరం (డిసెంబరు 9, ఉదయం 9.15)

నాయనా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. స్నేహితుడికి ఏ హక్కు అని అడిగావు. అరణ్యకాండలో జటాయువు రాముడికి చుట్టం కాదు, దశరథుడి స్నేహితుడు. తండ్రి చనిపోయినప్పుడు దగ్గర లేని రాముడు, తండ్రి స్నేహితుడికి తన చేత్తో చితి పేర్చి, గోదావరిలో దిగి తర్పణం విడిచాడు. అంతకన్నా ప్రమాణం ఏం కావాలి?

మన తర్పణ విధిలో కూడా స్నేహితుడికి చోటుంది. భాద్రపద బహుళ పక్షంలో, మహాలయంలో, తండ్రి తాతల తరువాత కారుణ్య పితరులని ఒక వరుస వస్తుంది. గురువుకూ మిత్రుడికీ అక్కడ తిలోదకాలు విడుస్తారు. కృష్ణలో పద్మావతి ఘాట్ దగ్గర దిగి, పురోహితుణ్ణి పెట్టుకుని మీ మిత్రుడికి నీళ్ళు వదులు. మనసు కుదుటపడుతుంది.

ఏలూరురోడ్డు (డిసెంబరు 9, మధ్యాహ్నం 1.30)

మాస్టారూ, జటాయువు మాట చదివి చాలాసేపు కదలలేకపోయాను. నమస్కారం. కానీ ఒక చిక్కుంది. మావాడికి దేవుడి మీద నమ్మకం లేదు. తన కళ్ళు దానం చేయాలని ముందే రాసి పెట్టాడు, అలాగే చేశారు. చనిపోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలట, అమ్మే గుర్తుపెట్టుకుని ఫోను చేయించిందని తరువాత తెలిసింది. మేనల్లుడు చేసిన కర్మ కూడా అమ్మ తృప్తి కోసమే. అలాంటివాడికి నేను నీళ్ళు వదలడం సబబేనా?

కృష్ణలంక (డిసెంబరు 9, మధ్యాహ్నం 2.10)

సబబు కాదని నా అభిప్రాయం. మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. గోరా గారి నాస్తిక కేంద్రం 1947 నుంచి ఉన్న ఊరు ఇది. కొండ మీద దుర్గమ్మను కొలిచేవాళ్ళూ, పటమటలో ఆ కేంద్రానికి వెళ్ళేవాళ్ళూ ఒకే హోటల్లో ఒకే బల్ల దగ్గర ఇడ్లీ తిన్న ఊరు. ఆ మనిషి ఏది నమ్మి బతికాడో దాన్ని పోయాక కూడా కాపాడాలి. తన కళ్ళతో ఇద్దరికి చూపు వచ్చేలా ఏర్పాటు చేసి వెళ్ళాడు. ప్రూఫురీడరు కళ్ళు! దానికన్నా పెద్ద కర్మ ఇంకేం చేస్తారు?

సీతానగరం (డిసెంబరు 9, సాయంత్రం 5.50)

కృష్ణలంక గారి మాటతో నాకు పేచీ లేదు. అయితే తర్పణం పోయినవాడి నమ్మకం మీద ఆధారపడి విడిచేది కాదు, విడిచేవాడి ప్రేమ మీద ఆధారపడి విడిచేది. "తృప్యత" అంటే తృప్తి పొందమని. ఏలూరురోడ్డు నమ్మేవాడైతే చేయవచ్చు, కాకపోతే బ్యారేజీ మీద నడిచినా నాకు సమ్మతమే. ఒడ్డునో నీళ్ళలోనో, ఆ నది దగ్గరికి మాత్రం వెళ్ళు నాయనా.

పాయకాపురం (డిసెంబరు 9, రాత్రి 9.00)

నేను సింగ్‌నగర్‌కు ఆనుకునే ఉంటాను కాబట్టి రాస్తున్నాను. అన్నయ్యా, మీరు చివరిసారి ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళారో తెలియదు. 2024 సెప్టెంబరు వరదకు ముందైతే, ఆ ఇల్లు అలాగే ఉంటుందనుకుని వెళ్ళకండి.

ఆ సెప్టెంబరు 1 తెల్లవారేసరికి బుడమేరు మా వీధుల్లో ఉంది. మరునాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారని టీవీలో చెప్పారు, కానీ మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు. దాన్ని బెజవాడ దుఃఖదాయని అని మా నాన్న అంటుంటే పాతకాలం మాట అనుకునేదాన్ని. మేడ మీద రోజుల తరబడి కూర్చున్నాం. పాల ప్యాకెట్టు కోసం సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా మెడలోతు నీళ్ళలో వెళ్ళినవాళ్ళు ఉన్నారు. నీళ్ళు తీశాక ప్రతి ఇంటి ముందూ పరుపులు, బీరువాలు, పిల్లల పుస్తకాలు గుట్టలుగా పడి ఉన్నాయి. తడిసిన పుస్తకం ఉబ్బి, ఎండాక రాయిలా బిగుసుకుపోతుంది, పేజీ విడదు. అంత చదివే మనిషి ఇంట్లో ఎన్ని పుస్తకాలు ఉండేవో, ఎన్ని మిగిలాయో. అడగవద్దు. ఆమే చెబితే వినండి. గోడ మీద నీటి చార కనిపిస్తే దాని గురించి మాత్రం అడగండి, ఆ చార ఉన్నవాళ్ళందరికీ చెప్పుకోవాలని ఉంటుంది.

బ్రాడీపేట (డిసెంబరు 10, ఉదయం 7.25)

గుంటూరు మిత్రుడి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నేను ముట్టుకుంటాను, ఎందుకంటే నేను అటువైపు మనిషిని.

పన్నెండేళ్ళ కిందట నా అప్పుకు నా బాల్య స్నేహితుడు హామీ ఉన్నాడు. నేను కట్టలేకపోయాను, అతను కట్టాడు. తరువాత నాలుగేళ్ళకు నేను పూర్తిగా తీర్చేశాను. డబ్బు తీరింది, నేను మాత్రం అతని ఇంటి వీధిలోంచి వెళ్ళడం మానేశాను. బ్రాడీపేటలో ఒక వీధి తప్పించుకోవడం సులువే, అన్నీ వరుస అంకెల వీధులు, ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవచ్చు. అతని కూతురి పెళ్ళికి శుభలేఖ వచ్చింది, వెళ్ళలేదు. జనం నాకు పొగరనుకున్నారు. బాకీ పడినవాడు దూరమయ్యేది కోపంతో కాదు సార్, మొహం చెల్లక. మీ మిత్రుడు పోయినప్పుడు ఆ గుంటూరు మనిషి ఎలా ఉండి ఉంటాడో నాకు తెలుసు. పాడె మోయడానికి కూడా తనకు అర్హత లేదని అనుకుని ఉంటాడు.

ఫోను చేయవద్దు. ఫోనులో నంబరు చూసి ఎత్తకుండా ఉండటం తేలిక. విజయవాడ బస్టాండు నుంచి గుంటూరు 35 కిలోమీటర్లు, బస్సులకు కొదవలేదు, గంటా గంటంపావు. మిర్చి యార్డుకు కొత్త సరుకు జోరు సంక్రాంతి దాటాకే, ఫిబ్రవరి మార్చిలో అయితే మనిషికి ఊపిరి సలపదు. జనవరి మొదట్లో దొరుకుతాడు. ఆదివారం యార్డు ఉండదు, ఇంటికే వెళ్ళండి. వెళ్ళి అప్పు గురించి ఒక్క మాట ఎత్తవద్దు. "నీదేం తప్పు లేదు" అని కూడా అనవద్దు.

పదోప్లాట్‌ఫాం (డిసెంబరు 10, ఉదయం 8.00)

బ్రాడీపేట గారూ, మీ స్నేహితుడు ఇప్పుడు ఎక్కడున్నారు?

బ్రాడీపేట (డిసెంబరు 10, ఉదయం 8.10)

అదే వీధిలో.

ఏలూరురోడ్డు (డిసెంబరు 12, రాత్రి 9.45)

అందరి మాటలూ మా మిత్రురాలికి చదివి వినిపించాను. టికెట్లు తీసుకున్నాం. తిథికి కాదు, తేదీకి వెళ్తున్నాం. బందరుకాలువ గారూ, మీ మాట నాకు నిజంగానే గట్టిగా తగిలింది, తగలవలసిందే. మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఆమె, జూన్ తరువాత నేను. రాలేని పక్షంలో ముందుగా అమ్మకు ఫోను చేసి చెప్పాలని కూడా అనుకున్నాం, ఎదురుచూడనివ్వకూడదని.

బందరుకాలువ (డిసెంబరు 12, రాత్రి 10.00)

అది చాలు బాబూ. క్షేమంగా వెళ్ళి రండి.

కృష్ణలంక (జనవరి 8, ఉదయం 10.30)

ఏలూరురోడ్డు గారూ, వెళ్ళి వచ్చారా? మొన్నటి నుంచి చూస్తున్నాం.

ఏలూరురోడ్డు (జనవరి 9, రాత్రి 11.50)

నిన్న రాత్రి ఇంటికి చేరాను. వరుసగా రాయడం చేతకాకపోవచ్చు, మన్నించండి.

మొదటి రాత్రి బ్యారేజీకి వెళ్ళాం. శాతవాహన దిగి ఆమె సంచి గదిలో పడేసి నేరుగా అక్కడికే. పెద్ద వాహనాలను రానివ్వరు కాబట్టి నడవగలిగాం. దీపాల రంగులు కొత్తవి, కింద నీళ్ళ చప్పుడు పాతదే. గేట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాం. అరవై దాటాక ఇద్దరం మాటలాపేశాం, ఎవరో మాట్లాడతారన్నట్టు. సీతానగరం చివర మెట్ల దగ్గర కూర్చున్నాం. మాస్టారూ, నేను చెప్పులు విడిచి నీళ్ళలో దిగాను. దోసిట్లో నీళ్ళు తీసుకుని వదిలాను. మంత్రం చదవలేదు, పేరు పలికాను. అది తర్పణమో కాదో మీకే వదిలేస్తున్నాను. మా మిత్రురాలు ఒడ్డునే నిలబడింది. ఆసుపత్రిలో ఇన్నేళ్ళుగా ఎందరివో కళ్ళు మూసిన మనిషి, ఆ రాత్రి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు నలుపుతూ ఉండిపోయింది.

మరునాడు సింగ్‌నగర్. అమ్మ బాగా చిక్కిపోయింది. నన్ను చూసి ఏడవలేదు. "అన్నం తిన్నాకే మాట్లాడు" అంది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి. వాడి కంచం నాకు పెట్టింది. తిన్నాను, ఎలా తిన్నానో చెప్పలేను.

గోడ మీద చార ఉంది. నా భుజం దాకా వచ్చింది. పాయకాపురం గారు చెప్పినట్టు దాని గురించి అడిగాను. అప్పుడు అమ్మ మాట్లాడటం మొదలుపెట్టి గంటన్నర ఆగలేదు. వరద రోజు వాడు అమ్మను ఎత్తుకుని పక్కింటి మేడ మీదికి చేర్చి, మళ్ళీ వెనక్కి వచ్చాడట. రెండు బీరువాల పుస్తకాలు. అన్నీ మోయలేడు. దేన్ని ముందు తీయాలో తెలియక నీళ్ళలో నిలబడిపోయాడట. చివరికి ఒక రేకు డబ్బా తీసి, అటక మీద ఇత్తడి బిందెల వెనక పెట్టి వచ్చేశాడు. పుస్తకాలన్నీ పోయాయి. నాలుగు నెలలకు వాడు పోయాడు. పుస్తకాలు పోయిన బెంగతోనే పోయాడని అమ్మ నమ్మకం. నేను ఔననలేదు, కాదనలేదు.

ఆ డబ్బాను అమ్మ మా ముందు పెట్టింది. అందులో మా ఉత్తరాలు. 1994 తరువాత చెల్లాచెదురయ్యాక మేం వాడికి రాసిన ఇన్లాండు కవర్లు, కార్డులు. ముగ్గురివి మూడు కట్టలు, పైన పేర్లు. ప్రతి ఉత్తరాన్నీ ఎర్ర సిరాతో దిద్ది ఉంచాడు. ఒత్తులు, దీర్ఘాలు, విడిపోయిన మాటలను కలిపే గుర్తులు, కలిసిన మాటలను విడదీసే గీతలు, అంచులో ప్రూఫు గుర్తులు. నేను ఉద్యోగం దొరకక రాసిన ఉత్తరంలో ఏడుసార్లు "భాద" అని రాశాను. ఏడు చోట్లా కొట్టేసి "బాధ" అని ఓపికగా రాశాడు. మాకు ఎప్పుడూ చెప్పలేదు, చూపించలేదు. వెంటనే జవాబు రాసేవాడు గానీ ఆ జవాబులో నా తప్పుల ఊసు ఉండేది కాదు. రాత్రిళ్ళు పని నుంచి వచ్చాక వాటిని తీసి చదువుకునేవాడని అమ్మ చెప్పింది. "మీ ముగ్గురి పుస్తకం అచ్చుకు సిద్ధం చేస్తున్నానమ్మా" అనేవాడట.

మా కట్టలు మాకిచ్చింది. గుంటూరు వాడి కట్ట కూడా నా చేతిలో పెట్టి "వాడికి నువ్వే ఇవ్వాలి" అంది. ఆమెకు అంతా తెలుసు.

పుస్తక ప్రదర్శనకు వెళ్ళాం. మేం చదువుకునే రోజుల్లో స్వరాజ్య మైదానంలో జరిగేది, ఇప్పుడు అక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది. 1989లో మొదలైన ప్రదర్శన అది, మావాడు చివరి ఏడు తప్ప ఏ ఏడూ మానలేదు. పుస్తక ప్రియుల పాదయాత్రలో వాడి బదులు మేమిద్దరం నడిచాం. ప్రదర్శనలో ఒక దుకాణంలో ఈ మధ్య అచ్చయిన పుస్తకం తెరిచాను, మొదటి పేజీలోనే మూడు అచ్చుతప్పులు. దుకాణం వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడవలసి వచ్చింది.

ఆదివారం గుంటూరు. బ్రాడీపేట గారూ, మీరు చెప్పినట్టే ఫోను చేయకుండా వెళ్ళాం. వాడి భార్య తలుపు తీసింది. గుర్తుపట్టి లోపలికి రమ్మంది, మజ్జిగ ఇచ్చింది. శీతల గిడ్డంగి దాకా వెళ్ళాడు, వచ్చేస్తాడంది. రెండు గంటలు కూర్చున్నాం. ఆమె లోపలికి వెళ్ళి ఫోనులో మెల్లగా మాట్లాడటం వినిపించింది. వాడు రాలేదు. బయటికి వచ్చాక చూస్తే వాడి మోటారు సైకిలు పక్క సందులో ఉంది, ఆ బండిని నేను గుర్తుపట్టగలను. పిలవలేదు. కట్ట వాడి భార్య చేతిలో పెట్టి, ఈ చర్చ చిరునామా ఒక కాగితం మీద రాసి ఇచ్చి బస్సెక్కాం.

బ్రాడీపేట (జనవరి 10, ఉదయం 6.15)

పిలవకపోవడం మంచిదైంది. సందులో ఉన్నాడంటే ఇంట్లోంచి మీ గొంతు వింటూ ఉన్నాడని అర్థం.

సీతానగరం (జనవరి 10, ఉదయం 7.40)

అది తర్పణమే నాయనా. నాకే వదిలేశావు కాబట్టి చెబుతున్నాను.

పాయకాపురం (జనవరి 10, ఉదయం 11.20)

నేను ఆ రోజు నీళ్ళలో ఏం తీసుకుని మేడెక్కానో గుర్తు చేసుకుంటున్నాను. రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, ఫోను. ఉత్తరాలు దాచుకునే మనిషి ఒకరు మా పక్క వీధిలోనే ఇన్నాళ్ళూ ఉన్నారని తెలియదు. అన్నయ్యా, అభ్యంతరం లేకపోతే అమ్మగారి వీధి నాకు విడిగా రాయండి. మందులకూ కూరగాయలకూ నేను వెళ్తూనే ఉంటాను, వారానికోసారి గుమ్మంలోకి తొంగిచూస్తాను.

ఏలూరురోడ్డు (జనవరి 10, మధ్యాహ్నం 12.05)

రాశాను చెల్లెమ్మా. రుణపడి ఉంటాను.

మిరపతోట (జనవరి 18, రాత్రి 1.10)

నేను ఇక్కడ కొత్త. గుంటూరు నుంచి.

పండగ మూడు రోజులూ ఆ కట్ట విప్పలేదు. ఈ చర్చ మాత్రం మొదటి నుంచి చదివాను, బ్రాడీపేట అనే ఆయన రాసింది చాలాసార్లు చదివాను. సందులో ఉన్నది నేనే. మజ్జిగ తాగి నువ్వు గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా విన్నాను.

ఇవాళ విప్పాను. అడుగున ఉన్నది తొమ్మిదేళ్ళ కిందట రాసిన ఉత్తరం. ఫోనులో చెప్పలేక కాగితం మీద రాశాను. జీతంలో కోత పడుతోందని తెలిసింది, ఎలాగైనా తీరుస్తాను, నువ్వు నన్ను క్షమించలేవని నాకు తెలుసు, అని. దానికి వాడు జవాబు రాయలేదు. అందుకే నేను అటు వెళ్ళలేదు. రాయనంత కోపం అనుకున్నాను.

ఆ ఉత్తరంలో మిగతా తప్పులన్నీ మామూలుగానే దిద్దాడు. "నువ్వు నన్ను క్షమించలేవని నాకు తెలుసు" అన్న వాక్యం మొదటి నుంచి చివరి దాకా ఎర్ర గీతతో కొట్టేశాడు. అంచులో తొలగింపు గుర్తు. దాని పక్కన సన్నగా, "వాస్తవ దోషం" అని రాసి ఉంది.

వచ్చే ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. ఇల్లు మారలేదు కదా? వరద తరువాత దారి ఎలా ఉందో తెలియదు.

ఏలూరురోడ్డు (జనవరి 18, ఉదయం 5.30)

అదే ఇల్లు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగాక ఎవరినీ అడగనక్కరలేదు, నీ కాళ్ళకు తెలుసు. గేటుకు రంగు మారింది, ఇప్పుడు నీలం. మధ్యాహ్నం పన్నెండు లోపు చేరు, ఆమె ఒంటి గంటకు పడుకుంటుంది.

ఇప్పుడే ఫోను చేసి చెప్పాను, వాడు వస్తున్నాడని. నీకు పప్పులోకి ఊరమిరపకాయలు ఉండాలి కదా అంటూ ఎండలో పెట్టడానికి లేచింది.